వారశూల ఉన్న రాజధాని: ల్యుబ్లియానాలో మూడు రాత్రులు

కాకినాడ నుంచి మా అత్తగారు, మామగారు వేసవికి మ్యూనిక్ వచ్చినప్పుడు, అందరూ తీసుకువెళ్లే పారిస్‌కూ రోముకూ కాకుండా స్లొవేనియా రాజధాని ల్యుబ్లియానాకు మూడు రాత్రుల ప్రయాణం పెట్టుకున్నాము. ఈ ఎంపిక వెనుక గొప్ప ఆలోచనేమీ లేదు. అత్తగారి మోకాళ్లే కారణం. టవర్ల కిందా కోటల ముందూ గంటల కొద్దీ వరుసలో నిలబడడం ఆవిడ వల్ల కాదు. జనాభా మూడు లక్షలకు మించని రాజధాని, కార్లు తిరగని నగర కేంద్రం, ఊరి మధ్య సన్నని నది అని విన్నాక ఇక వేరే ఊరు వెతకలేదు. తిరిగి వచ్చాక నా అభిప్రాయం ఇది: పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లడానికి ఐరోపా రాజధానులలో ఇంతకంటే అనువైన ఊరు నేను చూడలేదు. అయితే ఏ వారం దిగుతున్నామో సరిచూసుకోకుండా వెళితే మాత్రం సగం ఊరు తలుపులు వేసుకుని కనిపిస్తుంది.

మా అత్తగారు ప్రయాణానికి వారశూల చూస్తారు. గురువారం దక్షిణ దిక్కుకు పోరాదని ఆవిడ లెక్క. ల్యుబ్లియానా మ్యూనిక్‌కు నేరుగా దక్షిణం కాదనీ, ఆగ్నేయమనీ పటం తీసి చూపించాక, ఒక చెంచా పెరుగు నోట్లో వేసుకుని బయలుదేరారు. తీరా చూస్తే వారశూల ఆ ఊరికే ఉన్నది. 2020లో చేసిన చట్టం ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప స్లొవేనియా అంతటా దుకాణాలు ఆదివారాలూ పండుగ సెలవులూ తెరవరు. సెంట్రల్ మార్కెట్టుకూ ఆదివారం సెలవే. సోమవారం మ్యూజియాలు చాలావరకు మూసి ఉంటాయి. నగరం గర్వంగా చెప్పుకునే వంటల సంత శుక్రవారం మాత్రమే జరుగుతుంది. అదీ మార్చి మధ్య నుంచి అక్టోబరు దాకా, వాన పడకుంటేనే. నది ఒడ్డున పాత సామాన్ల అంగడి ఆదివారం పొద్దుటే పెడతారు. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, శనివారం సాయంత్రం దిగి మంగళవారం బయలుదేరేవారికి దక్కేది తక్కువ, గురువారం దిగి ఆదివారం మధ్యాహ్నం రైలెక్కేవారికి దక్కేది ఎక్కువ అని తేలిపోతుంది. జూన్ నెలలో వెళ్లేవారు ఇంకొక తేదీ గుర్తుంచుకోవాలి. యుగోస్లావియా నుంచి విడిపోయి 1991లో స్వతంత్ర దేశమైన రోజు జూన్ 25. ఆ తేదీ ఏ వారం పడినా ఆదివారంతో సమానమే.

మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్, విల్లాఖ్ మీదుగా నేరుగా వెళ్లే రైలుకు సుమారు ఆరు గంటలు పడుతుంది. ఆల్ప్స్ కొండలలో సొరంగాలు దాటుకుంటూ సాగే ఆ దారి ప్రయాణంలో మంచి భాగమే కాబట్టి, గంటో గంటన్నరో కలిసి వస్తుందని కారులో పోవడాన్ని నేను సమర్థించను. పైగా నగర కేంద్రంలోకి కారు రానివ్వరు. షెంజెన్ వీసా ఒకటే సరిపోతుంది గనుక జర్మనీకి తీసుకున్న వీసాతోనే పెద్దవాళ్లు స్లొవేనియాకు వెళ్లవచ్చు. కానీ సరిహద్దులు లేవు కదా అని పాస్‌పోర్టులు ఇంట్లో పెట్టి వెళ్లకూడదు. స్లొవేనియా వైపు సరిహద్దులో ఆస్ట్రియా 2015 నుంచీ తనిఖీలు చేస్తూనే ఉన్నది, తిరిగి వచ్చేటప్పుడు జర్మనీ పోలీసులు కూడా రైలెక్కుతారు. మామగారు పాస్‌పోర్టులు రెండూ చొక్కా లోపలి జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నారు. అడిగిన ప్రతిసారీ ఆ గుండీ విప్పడానికి పట్టిన సమయమే తనిఖీ కంటే ఎక్కువ. హైదరాబాదు నుంచి నేరుగా రాదలచినవారికి ల్యుబ్లియానాకు సూటి విమానం లేదు. ఊరికి పాతిక కిలోమీటర్లలో ఉన్న చిన్న విమానాశ్రయానికి ఐరోపాలో ఎక్కడో ఒకచోట విమానం మారి రావాలి, లేదా వెనిస్‌లోనో జాగ్రెబ్‌లోనో దిగి బస్సులో రావాలి. ఇంత చిన్న ఊరి కోసమే భారతదేశం నుంచి ఎగిరి రమ్మని నేను చెప్పను. వెనిస్‌కో వియన్నాకో వచ్చినవారు మూడు రోజులు ఇటు మళ్లించుకుంటే మంచిది.

మేము చేసిన పెద్ద పొరపాటు బస విషయంలో జరిగింది. పాత పట్టణంలో, నదికి రెండు వీధుల అవతల, ఫొటోలు చూసి ఒక అపార్టుమెంటు తీసుకున్నాము. మూడో అంతస్తు అని రాసి ఉన్నది. లిఫ్టు లేదన్న సంగతి ఎక్కడా రాయలేదు. తలుపు సంకేతం ఫోనుకు పంపి యజమాని ఊరుకున్నారు గనుక, మెట్ల కింద నిలబడి మొరపెట్టుకుందామన్నా మనిషి లేరు. రాతి మెట్లు అరవై ఎనిమిది, అత్తగారు లెక్కపెట్టారు. రోజుకు ఒకసారే దిగి ఒకసారే ఎక్కాలని ఆ రాత్రే తీర్మానం జరిగింది, అక్కడి నుంచి మా కార్యక్రమమంతా ఆ తీర్మానాన్ని బట్టే నడిచింది. ఈ పాత ఇళ్లు చాలావరకు వందల ఏళ్ల నాటివి కాబట్టి వాటిలో లిఫ్టు ఉంటుందని ఊహించుకోకూడదు. పెద్దవాళ్లు ఉంటే రైల్వే స్టేషనుకూ నదికీ మధ్య ఉన్న కొత్త భవనాలలో గది తీసుకోవడం మేలు. అక్కడి నుంచి ఊరి నడిబొడ్డుకు పది పదిహేను నిమిషాల నడకే.

మెట్ల సంగతి వదిలేస్తే, నేల మీద ఈ ఊరు మోకాళ్లకు చాలా మర్యాద చేస్తుంది. 2007 నుంచి క్రమక్రమంగా కేంద్రంలోని వీధులను వాహనాలకు మూసివేశారు. 2016లో ఐరోపా హరిత రాజధాని అన్న బిరుదు రావడానికి అది ముఖ్యమైన కారణాలలో ఒకటి. నడవలేనివారి కోసం ‘కవలీర్’ అనే చిన్న విద్యుత్ బండ్లు తిరుగుతుంటాయి. వాటికి టికెట్టు లేదు. ఫోను చేసి పిలవవచ్చు, ఎదురుగా వస్తుంటే చెయ్యి ఎత్తి ఆపవచ్చు. అత్తగారు మొదటిసారి ఎక్కి దిగేటప్పుడు డబ్బులు ఇవ్వబోతే నడిపే అబ్బాయి తీసుకోలేదు. ఊరికే తిప్పే ప్రభుత్వం ఎక్కడైనా ఉంటుందా అని ఆవిడ రెండోసారి కూడా పర్సు తీశారు. సిటీ బస్సుల్లో నగదు చెల్లదు కాబట్టి ఆ సంగతి మాత్రం ముందే చూసుకోవాలి. తాగునీరు కొనవలసిన పని లేదు. వీధుల్లో ఉన్న కొళాయిల నీరు నిస్సంకోచంగా తాగవచ్చు. తాగునీటి హక్కును 2016లో ఈ దేశం రాజ్యాంగంలోనే చేర్చింది.

ఈ ఊరు కంటికి ఇంత పొందికగా ఉండడం వెనుక ప్రధానంగా ఒక్క మనిషి చేయి ఉన్నది. యోజె ప్లెచ్నిక్ 1872లో ఇక్కడే పుట్టాడు, వియన్నాలో ఒట్టో వాగ్నర్ దగ్గర వాస్తుశిల్పం నేర్చుకున్నాడు, ప్రాగ్ కోటకు మెరుగులు దిద్దాడు, 1921లో సొంత ఊరు తిరిగి వచ్చి 1957లో కన్నుమూసేదాకా ఇక్కడే పనిచేశాడు. అతని పనితనం తెలియాలంటే మూడు వంతెనల దగ్గర అరగంట నిలబడాలి. 1842 నాటి రాతి వంతెన జనానికి చాలని స్థితి వస్తే, దాన్ని పడగొట్టి పెద్దది కట్టకుండా, పాతదాన్ని నడుమ ఉంచి 1929–32 మధ్య అటూ ఇటూ నడిచేవారికి రెండు వంతెనలు చేర్చాడు. అవి సమాంతరంగా ఉండవు. చౌకు వైపు విసనకర్ర విప్పినట్లు విచ్చుకుని, పాత పట్టణం వైపు దగ్గరకు వస్తాయి. దాంతో వంతెన కేవలం దాటే చోటుగా మిగలక, నది మీద వేసిన అరుగులా తయారయింది. పగలంతా జనం ఆ పిట్టగోడల మీద ఆనుకుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. అక్కడి నుంచి నది వెంట సాగే స్తంభాల వరుస మార్కెట్టు కూడా అతనిదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ఊరు ఇటలీ ఆక్రమణలోకి పోయి, చుట్టూ ముళ్లకంచె బిగించి ఉన్న రోజుల్లో కూడా, కూరగాయలమ్మేవారి కోసం ఇంత శ్రద్ధగా స్తంభాలు నిలబెట్టారన్నది నన్ను ఎక్కువ సేపు ఆలోచింపజేసిన సంగతి. ఆ ముళ్లకంచె ఉన్న చోట ఇప్పుడు ముప్ఫై కిలోమీటర్లకు పైబడిన నడకబాట ఉన్నది.

జాతీయ గ్రంథాలయం బయటి గోడ ఇటుకల మధ్య గరుకు రాళ్లు పొడుచుకువచ్చినట్లు ఉంటుంది. చూడగానే పూర్తికాని పని అనిపిస్తుంది. లోపల నల్లరాతి స్తంభాలు ముప్ఫైరెండింటి మధ్య మసక వెలుతురులో మెట్లెక్కి పోతే చివరకు ఎత్తైన కిటికీల వెలుగులో చదువుకునే గది వస్తుంది. చీకటి నుంచి వెలుతురులోకి నడిపించడమే తన ఉద్దేశమని ప్లెచ్నిక్ రాతితోనే చెప్పాడు. మన ఉపనిషత్తు మాట తెలిసినవారికి వేరే వివరణ అక్కర్లేదు. చదువుకునేవారికి ఇబ్బంది లేకుండా సందర్శకులను కొన్ని వేళల్లోనే ఆ గదిలోకి అనుమతిస్తారు గనుక ముందుగా వేళలు కనుక్కోవాలి. త్ర్నొవొ పేటలోని అతని ఇంటిని గైడుతో మాత్రమే చూపిస్తారు, అదీ కొద్దిమందికి ఒకసారి చొప్పున. ల్యుబ్లియానాలో అతను చేసిన పనులను యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పర్యాటకులు ఎక్కువగా ఫొటోలు దిగేది మాత్రం 1901 నాటి డ్రాగన్ వంతెన మీద. నాలుగు మూలలా రెక్కలు విప్పిన ఆకుపచ్చ మృగాలు బాగానే ఉన్నాయి కానీ, దాని మీద మోటారు వాహనాలు తిరుగుతాయి; రెండు నిమిషాలు చాలు.

శుక్రవారం వంటల సంత మార్కెట్టు పక్కనున్న చౌకులో జరుగుతుంది. దేశంలోని భోజనశాలలు తాత్కాలికంగా పొయ్యిలు పెట్టుకుని అక్కడికక్కడే వండి వడ్డిస్తాయి. మాంసం ఎక్కువ, పొగ ఎక్కువ, మధ్యాహ్నం పన్నెండు దాటితే కూర్చునే చోటు కష్టం. శాకాహారులైన మా పెద్దవాళ్ల కోసం పదకొండుకే వెళ్లి ఒక బల్ల పట్టుకున్నాము. ష్ట్రుక్లి అనే పదార్థం వారికి సరిపోయింది. పలుచగా సాగదీసిన పిండిలో పనీరు లాంటి పాలవిరుగుడో అక్రోటు పొడో పరిచి, చాపలా చుట్టి ఉడికించి ముక్కలు కోసి పెడతారు. తీపి, చప్పన రెండు రకాలూ ఉంటాయి కాబట్టి ముందే అడగాలి. అత్తగారు మేము తెచ్చుకున్న కందిపొడి తీపిదాని మీద చల్లుకున్నాక ఆ సంగతి తెలిసింది. కుట్టు (బక్‌వీట్) పిండితో చేసే ముద్ద ఇక్కడి రైతుల తిండి, మన రాగి సంకటిని గుర్తుచేస్తుంది కానీ దాని మీద పంది కొవ్వు వేగించిన తునకలు వేయడం ఆచారం. వద్దని గట్టిగా చెప్పాలి. పుల్లటి క్యాబేజీ, చిక్కుడు గింజల పులుసులోనూ మాంసం ముక్క దాక్కుని ఉండే అవకాశం ఉన్నది. జున్నుతోనో బంగాళాదుంపతోనో చేసే బురెక్ అనే పొరల రొట్టె మాత్రం భయం లేకుండా తినవచ్చు, ఖర్చూ తక్కువ.

కాఫీ తాగేచోట మాకు ఈ ప్రయాణంలోకెల్లా గొప్ప ఆనందం దొరికింది. స్లొవేనియా భాషలో ఏకవచనం, బహువచనం కాక ద్వివచనం ఇప్పటికీ వాడుకలో ఉన్నది. ఒక కాఫీ అయితే ‘ఏనా కావా’, రెండయితే ‘ద్వే కావీ’, మూడయితే ‘త్రీ కావే’. చిన్నప్పుడు రామః రామౌ రామాః అని వల్లె వేసి, ఆ నడుమ రూపం ఎవరు ఎక్కడ వాడతారో తెలియక వదిలేసిన మామగారు, డెబ్భై రెండో ఏట దాన్ని బల్ల ముందు కూర్చుని వాడే అవకాశం వచ్చిందని పొంగిపోయారు. ‘ద్వే’ సంస్కృతంలోనూ ఉన్నదే కదా, ‘త్రీ’ మన త్రీణికి చుట్టమే కదా అని, ఆ రోజు అవసరం లేకపోయినా మూడు సార్లు కాఫీ చెప్పారు. వడ్డించే అమ్మాయికి ఆయన ఉచ్చారణ నచ్చిందో, ఆయన ఉత్సాహం నచ్చిందో తెలియదు కానీ, సరిదిద్దకుండా తెచ్చి పెట్టింది.

భాష మీద ఈ ఊరికి ఉన్న ప్రేమ నడిచౌకులోనే కనబడుతుంది. రాజులూ సేనానులూ గుర్రాలెక్కి ఉండవలసిన చోట, 1905లో ప్రతిష్ఠించిన కవి ఫ్రాన్సె ప్రెషెరెన్ విగ్రహం నిలబడి ఉన్నది. ఆయన చనిపోయిన ఫిబ్రవరి 8 దేశమంతటికీ సంస్కృతి దినంగా సెలవు. ఆ రోజున మ్యూజియాలు చాలావాటిలో ప్రవేశం ఉచితం. కవికి దక్కని యూలియా అనే యువతి ప్రతిమను ఎదురు వీధిలోని ఒక ఇంటి గోడకు అమర్చారు. విగ్రహం చూపు అటే ఉంటుంది. అత్తగారు దీన్ని అంతగా మెచ్చలేదు. “ఆ అమ్మాయి మనవలు ఈ వీధినే తిరిగి ఉంటారు కదా, ఏం బాగుంటుంది?” అన్నారు.

శనివారాన్ని మ్యూజియానికీ కోటకూ కేటాయించాము. నగర మ్యూజియంలో ఒక కొయ్య చక్రం ఉన్నది. ఊరికి దక్షిణాన ఉన్న చిత్తడి నేలలో 2002లో దొరికింది. సుమారు 5,200 ఏళ్ల నాటిది. ఇరుసుతో సహా దొరికిన కొయ్య చక్రాలలో ప్రపంచంలోకెల్లా పాతదిగా దాన్ని లెక్కిస్తారు. బురద లోపల గాలి తగలకపోవడం వల్లనే కర్ర కుళ్లకుండా నిలిచింది. ఇంటి ఎడ్లబండి తోలి పెరిగిన మామగారు దాని ముందు నుంచి అరగంట కదలలేదు. మన బండికి ఇరుసు కదలదు. చక్రమే తిరుగుతుంది, చీల తీస్తే ఊడివస్తుంది. ఇక్కడ చక్రం మధ్య రంధ్రం గుండ్రంగా కాక నలుచదరంగా ఉన్నది, అంటే ఇరుసు కూడా చక్రంతో కలిసి తిరిగేది. ఆకులు లేవు, ఇనుప పట్టా లేదు. పలకలను జోడించి, విడిపోకుండా అడ్డంగా బద్దలు దిగగొట్టారు. చక్రానికి యాష్ కర్ర, ఇరుసుకు ఓక్ కర్ర వాడారు. బరువు మోసేది ఏదో, ఒరుసుకునేది ఏదో వాళ్లకు తెలుసునని మామగారు తేల్చారు. అద్దాల పెట్టె పక్కన ఉన్న వివరణ పలక కంటే ఆయన మాటలే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి.

కోటకు కొండవాలున తాడుతో లాగే గాజుపెట్టెలో నిమిషం ప్రయాణం. 2006లో ఏర్పాటు చేశారు. కోట ఆవరణలోకి ప్రవేశం ఉచితం, బురుజుకూ ప్రదర్శనలకూ టికెట్టు. నిజానికి ఈ కోట బయటికి కనిపించినంత గొప్పగా లోపల లేదు. చాలా భాగం గత శతాబ్దపు చివర్లో మళ్లీ కట్టినది కావడంతో రాళ్లు మరీ శుభ్రంగా ఉన్నాయి. ఆవరణలో కూర్చుని, ఆకాశం తేటగా ఉంటే ఉత్తరాన ఆల్ప్స్ కొండలు చూసి దిగితే సరిపోతుంది. కోట, గాజుపెట్టె, మ్యూజియాలు, నదిలో పడవ, సిటీ బస్సులు అన్నీ కలిపి 24, 48, 72 గంటలకు ల్యుబ్లియానా కార్డు అమ్ముతారు. మూడు రోజుల కార్డు కొనవలసిన పని లేదని నా అభిప్రాయం. ఈ ఊరిలో బాగున్నవి చాలావరకు ఆరుబయట, ఉచితంగా ఉన్నాయి. డబ్బు చెల్లించి చూసేవన్నీ శనివారానికి చేర్చుకుని ఒక్క రోజు కార్డు తీసుకుంటే గిట్టుతుంది. మ్యూజియాల మీద ఆసక్తి లేనివారికి అదీ అక్కర్లేదు.

బయటి ఊళ్లలో బ్లెడ్ సరస్సూ పొస్తొయ్నా గుహా అందరూ చెప్పేవి. మూడు రాత్రుల ప్రయాణంలో రెండూ పెట్టుకోవడం అత్యాశ. పెద్దవాళ్లతో అయితే బ్లెడ్‌నే ఎంచుకోవాలి. గుహ పొడవు 24 కిలోమీటర్లని చెప్పుకున్నా, చూపించే భాగంలో కొంత దూరం చిన్న రైలు ఉన్నా, తడి నేల మీద నడవక తప్పదు; లోపల ఏడాది పొడవునా పది డిగ్రీల చలి. మ్యూనిక్ నుంచి వచ్చే రైలు బ్లెడ్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంలోని లెస్త్సె స్టేషనులో ఆగుతుంది కాబట్టి, సామాను తక్కువగా ఉంటే గురువారమే అక్కడ దిగి మధ్యాహ్నం గడిపి సాయంత్రం రాజధాని చేరవచ్చు. మేము అలాగే చేశాము. దీవి మీది గుడికి 99 మెట్లున్నాయని తెలిసి పడవ ఎక్కలేదు. ఒడ్డున కూర్చుని, అక్కడ 1953 నుంచి చేస్తున్న చతురస్రపు క్రీము మిఠాయి తిన్నాము. కోడిగుడ్డు ఉంటుందని చెప్పాక అత్తగారు తన ముక్క నాకు ఇచ్చారు. అందువల్ల దాని రుచి గురించి రెట్టింపు అధికారంతో చెప్పగలను: కింది పచ్చసొన క్రీము బరువు, పైనున్న మీగడ నురగ తేలిక, ఒక్కరికి ఒక్కటి ఎక్కువే.

వాన గురించి ఒక మాట. చుట్టూ కొండలుండి నడుమ గిన్నెలా ఉన్న ఈ ఊరిలో వర్షం ఎక్కువ, శరదృతువు నుంచి చలికాలం దాకా పొగమంచు ఎక్కువ. మే నుంచి సెప్టెంబరు దాకా వెళ్లినా గొడుగు సంచిలోనే ఉండాలి.

ఆదివారం పొద్దున్న గదిలో పాలు అయిపోయాయి. సందు చివరి దుకాణానికి వెళితే తలుపు వేసి ఉన్నది. సగం తెలిసి సగం తెలియక వెళ్లామని అప్పుడు అర్థమయింది. నది ఒడ్డున పాత సామాన్ల అంగడి మాత్రం నిండుగా ఉన్నది. ఇత్తడి తూకాలు, గాజు దీపాలు, సైనికుల పతకాలు, ఇప్పుడు లేని దేశపు నాణేలు పరిచారు. మామగారు యుగోస్లావియా దినార్ల నాణెం ఒకటి బేరమాడి తీసుకున్నారు. రైల్వే స్టేషన్లలోని చిన్న దుకాణాలకు ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది గనుక, పాలు చివరికి అక్కడ దొరికాయి. వాటిని అరవై ఎనిమిది మెట్ల పైకి మోసుకువెళ్లే ఓపిక ఎవరికీ లేక, అత్తగారు రైలులోనే ఫ్లాస్కు వేడినీళ్లలో పొడి కలిపి కాఫీ చేశారు. మామగారు మాత్రం “ద్వే కావీ” అని అడిగి తీసుకున్నారు.